గాలికి కదిలే శిల్పాలు – అలెగ్జాండర్ కాల్డర్ జీవితము, కృషి

శిల్పము అనగానే మనకు రాయి, కంచు, కొయ్య జ్ఞాపకము వస్తాయి. ఈ పదార్థాలు బరువైనవి, నిలకడ గలవి. శిల్పి వాటిలో కదలికను సూచించగలడు. నటరాజ విగ్రహములో ఎత్తిన పాదము, చెదరిన జటలు చూచినప్పుడు నృత్యము జరుగుతున్నట్లే తోస్తుంది. కాని ఆ పాదము క్రిందికి దిగదు. ప్రాచీన గ్రీకు శిల్పి మలచిన చక్రము విసిరే వీరుడు నేటికీ దానిని విసరలేదు. కదలిక మన ఊహలో ఉన్నది గాని లోహములో లేదు.

శిల్పము నిజముగానే కదలకూడదా? పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతలతో పాటు కాలమును కూడ శిల్పి తన సాధనముగా ఎందుకు తీసుకొనరాదు? ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో కొందరు కళాకారులు ఈ ప్రశ్న వేసినారు. 1920లో మాస్కోలో నౌమ్ గాబో, ఆయన సోదరుడు పెవ్స్నర్ ఒక ప్రకటన వెలువరించి, కళలో కదలికకు, కాలమునకు స్థానము ఉండవలెనని వాదించినారు. గాబో ఆ కాలముననే ఒక సన్నని ఉక్కు కడ్డీని విద్యుత్ మోటారుతో కంపింపజేసినాడు. కడ్డీ వేగముగా కంపించునప్పుడు కంటికి కడ్డీ కనబడదు. గాలిలో నిలిచిన ఒక పారదర్శకమైన అల కనబడుతుంది. భౌతికశాస్త్ర పాఠములో చెప్పే స్థిర తరంగమే అక్కడ శిల్పమైనది.

అయితే ఈ ప్రశ్నకు సామాన్య ప్రజలు కూడ చూచి ఆనందించే సమాధానము చెప్పినవాడు అమెరికా దేశీయుడైన అలెగ్జాండర్ కాల్డర్. ఆయన మోటారును విడిచిపెట్టి గాలిని ఆశ్రయించినాడు. నేడు మొబైల్ అంటే మనకు చేతిలోని టెలిఫోను స్ఫురిస్తుంది. కాని టెలిఫోనుకు ఆ పేరు రాకముందే, దారాలకు, తీగలకు వేలాడుతూ మెల్లగా తిరిగే ఒక క్రొత్త తరహా శిల్పానికి ఆ పేరు ఉన్నది. ఆ శిల్పానికి ఆద్యుడు కాల్డరే.

శిల్పుల ఇంట ఇంజనీరు

కాల్డర్ 1898లో ఫిలడెల్ఫియా సమీపాన జన్మించినాడు. ఆయన తాత, తండ్రి ఇద్దరూ శిల్పులే. ఫిలడెల్ఫియా నగర మందిరపు గోపురము కొన మీద నిలిచిన విలియం పెన్ కంచు విగ్రహము తాతగారిది. దాని ఎత్తు 37 అడుగులు. అక్కడికి కొద్ది దూరములో ఉన్న, 1924లో పూర్తయిన స్వాన్ స్మారక జలయంత్రములోని విగ్రహాలు తండ్రివి. తల్లి చిత్రకారిణి. అట్టి ఇంట పుట్టిన బాలుడు కళలోనే పడతాడని ఎవరైనా అనుకుంటారు. కాని కాల్డర్ ఎన్నుకొన్నది ఇంజనీరింగు. న్యూజెర్సీ రాష్ట్రములోని స్టీవెన్స్ సాంకేతిక విద్యాలయములో చదివి 1919లో మెకానికల్ ఇంజనీరుగా పట్టము పొందినాడు.

ఆ తరువాత కొన్ని ఏండ్లు ఆయన ఒకచోట కుదురుగా ఉండలేదు. నక్షాలు గీసినాడు, జలయంత్ర ఇంజనీరు వద్ద పనిచేసినాడు. 1922లో ఒక ప్రయాణికుల ఓడలో బాయిలరు గదిలో కొలువు చేసినాడు. ఆ ఓడ గ్వాటిమాలా తీరము దాటుచుండగా ఒక తెల్లవారుజామున ఆయన డెక్కు మీద పడుకొని ఉన్నాడు. సముద్రము ప్రశాంతముగా ఉన్నది. ఒక వైపు ఎర్రని సూర్యబింబము పైకి లేస్తున్నది. ఎదుటి వైపు వెండి నాణెము వంటి చంద్రుడు క్రుంకుతున్నాడు. ఆకాశములోని ఆ రెండు గోళాల నడుమ తాను ఉన్నాననే భావము ఆయన మనస్సులో చెరగని ముద్ర వేసినది. తన శిల్పాలకు మూలమైన ఊహ విశ్వవ్యవస్థయే అని ఆయన తరువాతి కాలములో చెప్పుకొన్నాడు. వేర్వేరు పరిమాణాలు గల గోళాలు, వేర్వేరు దూరాలలో, వేర్వేరు వేగాలతో, ఒకదానితో ఒకటి సంబంధము కలిగి తిరుగుట – ఇదియే ఆయనకు కావలసిన నమూనా.

1923లో కాల్డర్ న్యూయార్కులోని ఒక చిత్రకళాశాలలో చేరినాడు. ఒక పత్రిక కొరకు బొమ్మలు వేస్తూ 1925లో సర్కసు దృశ్యాలు గీయుటకు వెళ్ళి, ఆ డేరాలో రెండు వారాలు గడిపినాడు. తీగ మీద నడిచేవారు, ఉయ్యాలల మీద ఎగిరేవారు ఆయనను ఆకర్షించినారు. సర్కసు అంతా సమతాస్థితికి సంబంధించిన విద్యయే గదా! 1926లో పారిస్ చేరిన తరువాత తీగ, బెండు, గుడ్డపేలికలు, కొయ్యముక్కలతో ఒక చిన్న సర్కసు తయారు చేసినాడు. పెట్టెలలో సర్ది తీసుకొనిపోయి, మిత్రుల ఇండ్లలో నేల మీద కూర్చుండి తానే ఆడించేవాడు. పారిస్ లోని పేరుపొందిన కళాకారులు ఈ ఆట చూడవచ్చేవారు. అప్పుడే ఆయన తీగను వంచి మనుష్యుల ముఖాలు కూడ చేసినాడు. ఘనపదార్థము లేకుండ, కేవలము గాలిలో గీసిన గీతవలె ఉండే ఆ శిల్పాలు చూపరులకు వింతగా తోచినవి.

మోటారు నుండి గాలికి

1930 అక్టోబరులో కాల్డర్ పారిస్ లో మాండ్రియన్ అనే డచ్చి చిత్రకారుని గదికి వెళ్ళినాడు. ఆ గది గోడలు తెల్లగా ఉన్నవి. వాటి మీద ఎరుపు, పసుపు, నీలము రంగుల దీర్ఘచతురస్రాకారపు అట్టలు అమర్చి ఉన్నవి. ఈ అట్టలన్నీ ఊగితే ఎంత బాగుండును అని కాల్డర్ అన్నాడు. మాండ్రియన్ ఒప్పుకొనలేదు, తన చిత్రాలు ఇప్పటికే చాల వేగము గలవని ఆయన జవాబు. కాని ఆ దర్శనము కాల్డరును కుదిపివేసినది. మనుష్యుల, జంతువుల ఆకారాలు విడిచి, గోళాలు, చక్రాలు, వంపులు మాత్రమే గల శిల్పాల వైపు ఆయన మళ్ళినాడు.

మొదట వాటిని చేతిపిడితోను, చిన్న విద్యుత్ మోటార్లతోను కదిలించినాడు. 1931లో వాటిని చూచిన మార్సెల్ డ్యుషాం అనే కళాకారుడు మొబైల్ అని పేరు పెట్టినాడు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కదిలేది అని మాత్రమే గాక, ప్రేరణ లేక ఉద్దేశము అని కూడ అర్థము ఉన్నది. తరువాత ఆర్ప్ అనే మరొక శిల్పి, కదలని వాటిని స్టేబిల్ అనవచ్చునని హాస్యమాడినాడు. ఆ పేరు కూడ నిలిచిపోయినది.

ఈ మోటారు శిల్పాలలో 1934 నాటి విశ్వము అనేది న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియములో ఉన్నది. అందులో ఒక ఎర్రని గోళము, ఒక తెల్లని గోళము వంకర తీగల మీద వేర్వేరు వేగాలతో ప్రయాణము చేస్తాయి. మొత్తము చలనచక్రము పూర్తియగుటకు 40 నిముషాలు పడుతుంది. ఐన్‌స్టీన్ ఒకసారి ఆ 40 నిముషాలూ దానిని కదలక చూస్తూ నిలుచున్నాడని చెబుతారు.

కాని కాల్డరుకు ఈ పద్ధతితో తృప్తి కలుగలేదు. మోటారు ఎంత చక్కగా అమర్చినా చేసినదే మరల చేస్తుంది. 40 నిముషాల తరువాత క్రొత్త విషయము ఏమీ ఉండదు. పైగా మోటారు చెడిపోతుంది, మరమ్మతు కావలసి వస్తుంది. చెట్టుకొమ్మ ఒకసారి ఊగినట్లు మరొకసారి ఊగదు. ఆ స్వేచ్ఛ తన శిల్పానికి రావలెనంటే దానిని గాలికి అప్పగించవలెను. గాలి ఎప్పుడు వీస్తుందో, ఎటు వీస్తుందో శిల్పికి తెలియదు. ఏ భాగము ఎంత వరకు తిరగవచ్చునో, ఏది దేనికి తగులకుండ ఉండవలెనో మాత్రమే ఆయన నిర్ణయిస్తాడు. తక్కినది ప్రకృతి చేస్తుంది. శిల్పి పని నియమాలు ఏర్పరచుట. కదలికను నిర్దేశించుట కాదు.

కావడి సూత్రము

ఈ శిల్పాలలో పనిచేసే యాంత్రిక సూత్రము మన గ్రామాలలో అందరికీ తెలిసినదే. కావడి మోసేవాడు రెండు వైపులా సమానమైన కుండలు ఉంటే బద్ద మధ్య భాగమును భుజము మీద ఆనించుకొంటాడు. ఒక కుండ బరువైనచో బద్దను జరిపి, బరువైన కుండను భుజమునకు దగ్గరగా తెచ్చుకొంటాడు. బరువును, ఆధారబిందువు నుండి దాని దూరముతో హెచ్చవేయగా వచ్చేది భ్రామకము. రెండు వైపుల భ్రామకాలు సమానమైనప్పుడు కావడి నిలుస్తుంది. ఆర్కిమిడీస్ నిరూపించిన తులాదండ నియమము ఇదే.

కాల్డర్ మొబైలు ఒక కావడికి మరొక కావడిని, దానికి ఇంకొక కావడిని తగిలించినట్లుగా ఉంటుంది. ఆయన అట్టడుగున ఉన్న మిక్కిలి చిన్న జతతో పని ప్రారంభించేవాడు. దాని సమతాబిందువు దొరికిన తరువాత అక్కడ కొక్కెము వేసి, ఆ జత నంతటినీ ఒకే బరువుగా భావించి పై కడ్డీకి తగిలించేవాడు. ఇట్లు క్రింది నుండి పైకి కట్టుకొనిపోయేవాడు. భవనము పునాది నుండి లేస్తుంది. మొబైలు కూడ క్రింది నుండే మొదలవుతుంది, కాని దాని ఆధారము పైకప్పులో ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. తేలికైన కడ్డీల సొంత బరువును లెక్కించకుండ వదలివేద్దాము. 30 సెంటీమీటర్ల కడ్డీకి ఒక కొన 20 గ్రాముల రేకు, రెండవ కొన 10 గ్రాముల రేకు తగిలించినాము. బరువైన రేకు నుండి 10 సెంటీమీటర్ల దూరములో దారము కడితే కడ్డీ సమముగా నిలుస్తుంది. ఎందుకనగా 20ని 10తో హెచ్చించినా, 10ని 20తో హెచ్చించినా 200 వస్తుంది. ఇప్పుడు ఈ జత మొత్తము బరువు 30 గ్రాములు. దానిని 40 సెంటీమీటర్ల రెండవ కడ్డీకి ఒక కొన తగిలించి, రెండవ కొన మరల 10 గ్రాముల రేకు పెడితే, దారము జత వైపు నుండి 10 సెంటీమీటర్ల వద్ద రావలెను. రెండు ప్రక్కలా 300. ఇప్పుడు మొత్తము 40 గ్రాములు. 50 సెంటీమీటర్ల మూడవ కడ్డీతో ఇదే విధముగా చేస్తే రెండు ప్రక్కలా 400. ప్రతి మెట్టునా బరువైన గుంపునకు ఎదురుగా ఒంటరి రేకు ఒకటి నిలిచి, తన దూరము పెంచుకొని సరితూగుతున్నది. కాల్డర్ మొబైలు అంత విశాలముగా, ఒక వైపు దట్టముగా, మరొక వైపు పలుచగా కనబడుటకు కారణము ఇదే. రెండు వైపులూ ఒకే ఆకారము ఉండనక్కరలేదు. సమతాస్థితి వేరు, సౌష్ఠవము వేరు.

కడ్డీని ఎక్కడ పట్టి వ్రేలాడదీయవలెనన్నది రెండవ విషయము. ఆధారబిందువు గురుత్వకేంద్రమునకు పైన ఉంటే, కడ్డీ ఒరిగినప్పుడు తిరిగి యథాస్థానమునకు వస్తుంది. ఇది స్థిర సమతాస్థితి. ఈ ఎత్తు ఎక్కువైతే కడ్డీ త్వరగా సర్దుకొని నిలిచిపోతుంది. చాల తక్కువైతే బద్ధకముగా, దీర్ఘముగా ఊగుతుంది. కాల్డర్ కడ్డీల కొనలను వంచి, మధ్య చిన్న వలయము చుట్టి, ఈ దూరమును నేర్పుతో సరిచూచేవాడు. వలయము వద్ద ఘర్షణ మిక్కిలి తక్కువ. కనుక కడ్డీ క్షితిజ సమాంతరముగా చుట్టూ తిరుగుటకు అడ్డు లేదు. తలుపు తీసినప్పుడు పుట్టే గాలి, చూపరుల శరీరపు వేడికి పైకి లేచే గాలి కూడ అతి తేలికైన ఆకులను కదిలించగలవు. ఒక ఆకు కదిలితే దాని కడ్డీ, ఆ కడ్డీ వలన పై కడ్డీ కదులుతాయి. ఒకదానికొకటి తగిలించిన ఇన్ని లోలకాల చలనము ముందుగా లెక్కగట్టుటకు చాల కష్టము. సూత్రము సులభము, ఫలితము అనూహ్యము – మొబైలులోని ఆకర్షణ అంతా ఇందులోనే ఉన్నది.

ఈ సూత్రము తెలిసినా కాల్డర్ లెక్కలు వేసి చేసేవాడు కాదు. శ్రావణము, కత్తెర, సుత్తి చేతబట్టి, రేకును కొద్దికొద్దిగా కత్తిరిస్తూ, తూచి చూస్తూ పనిచేసేవాడు. ఇంజనీరింగు చదువు ఆయన వ్రేళ్ళలోకి దిగినది.

పాదరసము, యుద్ధము

1937లో పారిస్ లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగినది. అప్పుడు స్పెయిన్ లో అంతర్యుద్ధము సాగుతున్నది. స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వపు మంటపములో పికాసో గీచిన గెర్నికా చిత్రము ఉంచబడినది. బాంబుదాడికి బలియైన పట్టణపు వేదనను అది చూపినది. ఆ చిత్రమునకు ఎదురుగా కాల్డర్ ఒక పాదరసపు ఫౌంటెన్ నిర్మించినాడు. పాదరసము అల్మడేన్ గనులది. ప్రపంచములో పాదరసము విరివిగా దొరికిన ఆ గనులను చేజిక్కించుకొనుటకు ఆ యుద్ధములో తిరుగుబాటు సైన్యము ప్రయత్నించినది.

పాదరసము నీటికంటె 13.6 రెట్లు సాంద్రమైనది. అది పళ్ళెమును తడుపదు. బంతులుగా విడివడి జారుతుంది. తారు పూసిన ఇనుప పళ్ళేల మీదుగా వెండి వలె మెరుస్తూ జారి, ఒక కడ్డీ మీద పడి దానిని కదిలించేది. కడ్డీ పైన తీగతో వ్రాసిన అల్మడేన్ అనే పేరు గాలిలో ఊగేది. ఒక దేశపు ప్రాణసంకటము ఆ ఊగే పేరులో ఉన్నది. ఈ ఫౌంటెన్ నేడు బార్సిలోనా నగరములోని హువాన్ మీరో సంస్థలో చూడవచ్చును. అయితే దానిని గాజు గోడల వెనుక ఉంచినారు. పాదరసపు ఆవిరి నరాలకు, మూత్రపిండాలకు హాని చేస్తుంది. 1937లో ప్రజలు దాని చుట్టూ నిలుచుండి నాణేలు విసిరి, అవి తేలుట చూచి సంతోషించినారు. నేటి విజ్ఞానము ఆ వినోదమును అనుమతించదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలములో అల్యూమినియము విమానాల తయారీకి పోవుటచేత శిల్పికి రేకు దొరకడము కష్టమైనది. కాల్డర్ చెక్కిన కొయ్యముక్కలను ఉక్కు తీగల కొనలకు బిగించి, నక్షత్రరాశులు అనే కదలని శిల్పాలు చేసినాడు. 1943లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియము ఆయన కృషినంతటినీ ఒకచోట ప్రదర్శించినది. 1952లో వెనిస్ ప్రదర్శనలో శిల్పకళకు గొప్ప బహుమానము లభించినది.

భారతదేశములో కాల్డర్

1955 ఆరంభములో కాల్డర్ మన దేశమునకు వచ్చినాడు. ఆహ్వానించినది అహమదాబాదు నగరపు గీరా సారాభాయి. మన అంతరిక్ష పరిశోధనకు పునాది వేసిన విక్రం సారాభాయి సోదరి ఆమె. తరువాత 1961లో స్థాపితమైన జాతీయ డిజైన్ సంస్థ రూపొందుటలో ఆమె, ఆమె సోదరుడు గౌతం ముఖ్యపాత్ర వహించినారు. కాల్డర్ సారాభాయి కుటుంబపు ఆవరణలోనే పనిచేసి కొన్ని శిల్పాలు, నగలు తయారుచేసినాడు. దంపతులు దేశములోని ఇతర ప్రాంతాలు కూడ చూచినారు. అన్నిచోట్లా దొరికే రేకు, తీగ ఆయనకు చాలినవి. గొప్ప కర్మశాల లేకుండనే పని చేయగలుగుట ఆయన విద్యలోని విశేషము.

శబ్దమునకు మేఘాలు

కదలికకు పేరుపొందిన కాల్డర్ కదలని వాటితో చేసిన ఒక పని శాస్త్రవిద్యార్థులకు మరీ ఆసక్తి కలిగిస్తుంది. వెనిజులా రాజధాని కరాకస్ లోని విశ్వవిద్యాలయములో విల్యనూవా అనే వాస్తుశిల్పి ఒక మహాసభామందిరము నిర్మించినాడు. అంత పెద్ద మందిరములో మాట, సంగీతము స్పష్టముగా వినబడవలెనంటే ధ్వనిని తగిన దిశలలో పరావర్తనము చేసే పలకలు కావలెను. ధ్వనిశాస్త్ర నిపుణుడు రాబర్ట్ న్యూమన్ ఆ పలకల పరిమాణము, స్థానము, వాలు నిర్ణయించగా, కాల్డర్ వాటికి ఆకారము, రంగు ఇచ్చినాడు. పైకప్పు క్రింద, ప్రక్కగోడల మీద మొత్తము 31 పలకలు రంగురంగుల మేఘాలవలె తేలుతున్నట్లు కనబడతాయి. 1953లో పూర్తియైన ఈ పనిలో అలంకారము ఏది, ఉపకరణము ఏది అని విడదీయలేము. ఆ విశ్వవిద్యాలయ ఆవరణమును 2000లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినారు.

ఒక మొబైలుకు జరిగిన అన్యాయము

కదిలే శిల్పమునకు ఒక ప్రమాదము ఉన్నది. రాతివిగ్రహమును కదలనీయకుండ ఉంచితే అది క్షేమముగా ఉంటుంది. మొబైలును కదలనీయకుండ ఉంచితే అది మొబైలే కాదు. 1958లో కాల్డర్ పిట్స్‌బర్గ్ అనే పెద్ద మొబైలు చేసినాడు. దానికి ఆ నగరపు అంతర్జాతీయ ప్రదర్శనలో బహుమానము వచ్చినది. ఒక కళాభిమాని దానిని కొని స్థానిక ప్రభుత్వమునకు దానము చేయగా విమానాశ్రయములో వ్రేలాడదీసినారు. తరువాత అధికారులకు దాని నలుపు, తెలుపు రంగులు నచ్చలేదు. తమ ప్రాంతపు చిహ్నమైన ఆకుపచ్చ, బంగారు రంగులు వేయించినారు. గాలికి తిరుగవలసిన దానికి మోటారు తగిలించినారు. కాల్డర్ ఎంత ఆక్షేపించినా ఆయన జీవితకాలములో ఫలితము లేకపోయినది. ఏ మోటారును ఆయన యౌవనములో ఆలోచించి విడిచిపెట్టినాడో, అదే మోటారు ఆయన శిల్పమునకు వచ్చి చేరినది. ఆయన మరణానంతరము మాత్రమే దానికి అసలు రంగులు, అసలు స్వేచ్ఛ తిరిగి వచ్చినవి.

ఇందులో అజ్ఞానము ఉన్నదే గాని దుర్బుద్ధి లేదు. కదలిక అంటే ఎడతెగక తిరుగుట అని వారు అనుకొన్నారు. మొబైలు ఒక్కొక్కసారి నిశ్చలముగా ఉండవచ్చును. ఆ నిశ్చలత కూడ దాని చలనములోని భాగమే. ఈ సంగతి తెలియనిచో దానిని కాపాడుట సాధ్యము కాదు.

చివరి శిల్పము

పరిమాణము పెరిగితే ఏమవుతుందన్నది మరొక సమస్య. ఒక వస్తువు కొలతలన్నిటినీ రెట్టింపు చేస్తే దాని వైశాల్యము 4 రెట్లు, ఘనపరిమాణము 8 రెట్లు అవుతుంది. కొలతలను 10 రెట్లు చేస్తే వైశాల్యము 100 రెట్లు, బరువు 1,000 రెట్లు. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథములో ఈ నియమమును చర్చించినాడు. గాలి తోసేది వైశాల్యమును; తోపునకు ఎదురు నిలిచేది ద్రవ్యరాశి. కనుక బల్ల మీద ఊదితే కదిలే చిన్న నమూనాను యథాతథముగా పెంచితే అది బండవలె నిలిచిపోతుంది.

వాషింగ్టన్ లోని జాతీయ చిత్రశాల తూర్పు భవనమునకు కాల్డర్ ఒక మహా మొబైలు రూపకల్పన చేసినప్పుడు ఈ చిక్కే వచ్చినది. ఉక్కుతో చేస్తే దాని బరువు సుమారు 6,600 పౌండ్లు, అనగా దాదాపు 3,000 కిలోగ్రాములు. భవనములోని మందమైన గాలికి అది కదలదు. ఈ సమస్యను పరిష్కరించినవాడు పాల్ మాటిస్. ఆయన చిత్రకారుడు హెన్రీ మాటిస్ మనుమడు. మొబైల్ అని పేరుపెట్టిన డ్యుషాంకు భార్య తరఫు కుమారుడు. ఆయన తేనెపట్టు గదులవంటి అల్యూమినియపు నిర్మాణమునకు రెండు వైపులా పలుచని రేకు అంటించి పలకలు చేసినాడు; కడ్డీల స్థానమున గొట్టాలు వాడినాడు. విమానాల నిర్మాణములో వాడే పద్ధతి ఇది. తేనెపట్టు మధ్య భాగము రెండు రేకులను ఎడముగా పట్టి ఉంచుటచేత, తక్కువ బరువుతో ఎక్కువ బిగువు వస్తుంది. బరువు 920 పౌండ్లకు, అనగా సుమారు 420 కిలోగ్రాములకు తగ్గినది. వెడల్పు మాత్రము 76 అడుగులు. మోటారు లేకుండనే అది తిరుగుతున్నది.

కాల్డర్ దానిని చూడలేదు. 1976 నవంబరు 11న న్యూయార్కులో ఆయన మరణించినాడు. మొబైలును వ్రేలాడదీసినది 1977 నవంబరులో. మరణించిన రెండు నెలలకు అమెరికా ప్రభుత్వము ఆయనకు అత్యున్నత పౌర పతకము ప్రకటించగా, వియత్నాం యుద్ధములో చేరుటకు నిరాకరించిన యువకులకు క్షమాభిక్ష కోరుతూ ఆయన కుటుంబము ఆ సభకు వెళ్ళలేదు. కాల్డర్ స్వయముగా ఆ యుద్ధమును వ్యతిరేకించినవాడు.

ఎక్కడ చూడవచ్చును

కాల్డర్ శిల్పాలు పలు దేశాలలో బహిరంగ స్థలాలలోనే ఉన్నవి. ఫిలడెల్ఫియాలో ఒకే రాజమార్గమున మూడు తరాలను చూడవచ్చును – నగర మందిరము మీద తాత విగ్రహము, నడుమ తండ్రి జలయంత్రము, చివర కళా మ్యూజియపు మెట్ల పైన మనుమని 1964 నాటి తెల్లని మొబైలు, భూతము. ఆ మార్గములోనే 2025 సెప్టెంబరులో కాల్డర్ ఉద్యానము అనే క్రొత్త ప్రదర్శనశాల తెరువబడినది. న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియములో 1939 నాటి రొయ్యల బుట్ట, చేపతోక అనే మొబైలు ఉన్నది. విట్నీ మ్యూజియమువారి సేకరణలో ఆయన చిన్న సర్కసు ఉన్నది. అదే నగరపు కెనెడీ విమానాశ్రయములో 1957 నాటి 45 అడుగుల మొబైలు వ్రేలాడుతున్నది. దాని పేరు పాయింటు ఒకటి రెండు ఐదు. వాడిన అల్యూమినియము రేకు మందము 0.125 అంగుళము కనుక ఆ పేరు పెట్టినాడు. పారిస్ లో యునెస్కో భవనపు ఆవరణలో 1958 నాటి సర్పిలము ఆరుబయట గాలికి తిరుగుతున్నది.

కదలని మహాశిల్పాలలో ఇటలీ దేశపు స్పొలేటోలో 1962 నాటిది, మాంట్రియల్ లో 1967 నాటి మానవుడు, మెక్సికో నగరములో 1968 నాటి ఎర్ర సూర్యుడు, గ్రాండ్ రాపిడ్స్ లో 1969 నాటిది, షికాగోలో 1974 నాటి 53 అడుగుల ఎర్రని ఫ్లెమింగో ప్రసిద్ధములు. న్యూయార్కులో ప్రపంచ వాణిజ్య కేంద్రము వద్ద ఉండిన వంగిన ప్రొపెల్లరు మాత్రము 2001 సెప్టెంబరు 11న భవనాలతో పాటు ధ్వంసమైనది. స్టేబిళ్ళు కదలవు గాని, వాటి చుట్టూ నడిచేవానికి ప్రతి అడుగునకు ఆకారము మారుతుంది. అక్కడ కదిలేది చూపరి.

కాల్డర్ తరువాత కదిలే శిల్పము పలు శాఖలుగా పెరిగినది. స్విట్జర్లాండు దేశీయుడైన జాన్ టాంగ్లీ పాత ఇనుప సామానుతో నవ్వు పుట్టించే యంత్రాలు చేసినాడు. 1960లో న్యూయార్కులో ఆయన ప్రదర్శించిన యంత్రము తన్ను తానే విరుగగొట్టుకొన్నది. ఆయన పేరిట బాజెల్ నగరములో 1996 నుండి మ్యూజియము ఉన్నది. అమెరికాలో జార్జి రికీ పొడవైన ఉక్కు బ్లేడులను లోలకాలవలె సన్నని గాలికి ఊగునట్లు అమర్చినాడు.

ఈ శిల్పాలు చాలవరకు దూరదేశాలలో ఉన్నవి. కాని వాటి సూత్రమునకు దూరము లేదు. వెదురుపుల్లలు, నూలుదారము, పాత అట్టలు ఉంటే పాఠశాలలోనే ఒక మొబైలు కట్టవచ్చును. ముందు అడుగు జత నుండి మొదలుపెట్టవలెను. భ్రామకాలు లెక్కవేసి దారము ఎక్కడ రావలెనో కాగితము మీద గుర్తించి, తరువాత చేతితో సరిచూడవలెను. లెక్కకు, చేతికి కొద్ది తేడా వస్తుంది. పుల్ల సొంత బరువును విడిచిపెట్టినందున ఆ తేడా వచ్చినదని విద్యార్థి తానే కనుగొంటాడు. చివర దానిని తరగతి పైకప్పునకు కట్టి, ఫంకా ఆపి, కిటికీ తెరచి ఉంచవలెను. గాలి వచ్చు వరకు ఓపికతో వేచి ఉండుట కూడ ఆ పాఠములోని భాగమే.